నాలుకచేప వంకరమోము

సముద్రపుటడుగున ఇసుకపై ప్రక్కవాటుగా శయనించు నాలుకచేపను చేతిలోనికి తీసికొని పరికించినచో, రెండు కన్నులును తలకు ఒకే వైపున నుండుటయు, మూతి మెలివడియుండుటయు, క్రిందిప్రక్క రంగులేక తెల్లబడియుండుటయు ఎంతయు విస్మయము గొలుపును. అయినను ఈ వైరూప్యము పుట్టుకతో వచ్చినది గాదు. గ్రుడ్డునుండి వెలువడిన పిల్ల తక్కిన చేపలవలెనే ఇరుప్రక్కల చెరియొక కన్నుతో నిటారుగా ఈదులాడును. కొలది వారములలో ఒక కన్ను నడినెత్తి మీదుగా రెండవ వైపునకు జరుగగా, పుఱ్ఱె యెముకలును దానితోపాటు మెలితిరిగి, పిల్ల అడుగునకు దిగి ఒరిగి పరుండును.

ప్రకృతివరణ మొక్కటియే జీవపరిణామమునకు చాలదని వాదించిన సెయింట్ జార్జ్ మైవర్టు అను ఆంగ్ల ప్రాణిశాస్త్రజ్ఞుడు, 1871లో ఈ చేపనే యెత్తిచూపి, కన్ను ఆవలివైపు చేరినగదా ప్రయోజనము, సగము త్రోవలో నిలిచిన కంటివలన ప్రాణికి కలుగు మేలేమి యని ప్రశ్నించెను. ప్రకృతివరణ సిద్ధాంతకర్త యగు డార్విను మరుసటి యేటనే ‘జాతుల పుట్టుక’ అను తన గ్రంథపు ఆరవ కూర్పున సమాధాన మొసగెను గాని, అట్టి చేపను కన్నులకు కట్టినట్లు చూపజాలకపోయెను.

ఆ కొరత 2008లో తీరినది. ఇటలీలోని మోంటే బోల్కా రాతిపొరలలో సుమారు 5 కోట్ల యేండ్ల క్రిందట శిలారూపము దాల్చి, ఐరోపా మ్యూజియములలో చిరకాలముగా భద్రపడియున్న ఆంఫిస్టియం, హెటెరోనెక్టిస్ అను నాలుకచేప వంశపు చేపలను మాట్ ఫ్రీడ్‌మన్ అను పరిశోధకుడు పరీక్షింపగా, ఎదిగిన చేపలయందే ఒక కన్ను పైకి జరిగియు నడినెత్తిని దాటకయే యుండెను. ఆ వంశపు నేటి చేపలు కొన్ని రెక్కలూని దేహమును ఇసుకనుండి ఒకింత పైకెత్తునట్లు అవియు ఎత్తియుండునేని, కొంచెము జరిగిన కన్నైనను ఇసుకలో పూడిన కంటికన్న మేలే. బంగాళాఖాతమున నేటికిని దొరకు సెట్టోడిస్ అను ఆ వంశపు జాతిలో, జరిగిన కన్ను నెత్తియంచు దాపుననే నిలిచియుండుట గమనింపదగినది.

టేకుచేపయు అడుగుననే బ్రదుకును. కాని సొరచేపల వంశమునకు చెందినదగుటచే పొట్టపై చదునై, ముఖమున ఏ వంకరయు లేక యున్నది. నాలుకచేప పూర్వులో, ఎత్తుగా, పలుచగా ఉండినవి; వానికి అడుగున ప్రక్కకు ఒరుగుటయే సులభమైనది. పరిణామము పూర్వుల దేహమును త్రోసివేసి క్రొత్త దేహమును కల్పింపజాలదు. ఉన్నదానినే తరతరములుగా సవరించును. కావున ప్రాణులయందు వికృతి కనబడినప్పుడు, ప్రకృతి పొరబడినదని తలంపక, ఆ జాతి పూర్వచరిత్ర యేమైయుండునో విచారింపుడు.