పసుపు కుంకుమ చేను మీద 400 కేవీ తీగలు

మా పెద్దమ్మకు దేవరకొండ వైపు మూడెకరాల చెలక ఉంది. పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒకే ఊరు కావడంతో, పెళ్ళినాడు తాతయ్య పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూమి అది. పెదనాన్న పోయినా, కొడుకు హైదరాబాదులో స్థిరపడినా ఆమె దాన్ని వదల్లేదు. పత్తి, కంది, గట్టు పొంటి నాలుగు బత్తాయి చెట్లు, ఒక బోరు. అదీ ఆమె సంసారం.

మూడేళ్ళ క్రితం ఒకనాడు పొద్దున్నే చేనుకు వెళితే నడిమధ్యలో ఎర్ర రంగు పూసిన గుంజలు కనిపించాయట. ఎవరో పిల్లల పని అనుకొని ఒకటి పీకి తెచ్చి పొయ్యిలో పెట్టింది కూడా. తర్వాత తెలిసింది, అది కరెంటు లైను సర్వే గుంజ అని! ఆ సాయంత్రమే నాకు ఫోను.

"బిడ్డా, నువ్వు పేపర్లల్ల రాస్తవు గద. నా చేన్ల టవరేస్తరట. నన్నడగకుండ ఎట్లేస్తరు? జర కనుక్కో."

కథలు రాసుకునేదాన్ని, చట్టాల జోలికి ఎప్పుడూ పోలేదు. అయినా పెద్దమ్మ అడిగింది కదా అని మొదలుపెట్టాను. తెలిసిన మొదటి సంగతికే నోరు తెరిచాను. అడగకుండానే వేయవచ్చు!

2003 విద్యుత్ చట్టంలో 164వ సెక్షన్ అని ఒకటుంది. పెద్ద లైన్లు వేసే సంస్థకు ప్రభుత్వం దీని కింద 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోని అధికారాలు ఇవ్వవచ్చు. టెలిగ్రాములు 2013లోనే ఆగిపోయాయి. 2023లో కొత్త టెలికం చట్టం వచ్చింది. అయినా కరెంటు లైన్ల కోసం పాత చట్టంలోని ఆ భాగాన్ని మాత్రం అట్టే పెట్టారు. దాని ప్రకారం భూమి మన పేరు మీదే ఉంటుంది, సంస్థకు వాడుకునే హక్కు మాత్రమే వస్తుంది. నష్టం వీలైనంత తక్కువ చేయాలి, చేసిన దానికి పూర్తి పరిహారం ఇవ్వాలి. ఎవరైనా అడ్డుపడితే కలెక్టరు ఉత్తర్వు ఇస్తారు. పరిహారం చాలలేదనుకుంటే జిల్లా కోర్టుకు వెళ్ళాలి. భూయజమాని ఒప్పుకోలు అక్కర్లేదని సుప్రీంకోర్టు కూడా 2016 డిసెంబరులో తీర్పు చెప్పింది. అదే లైను అడవిలోంచి పోవాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. చెలకలోంచి పోవాలంటే చెలక మనిషి అనుమతి అక్కర్లేదు.

మరి మన జిల్లాలో ప్రజాభిప్రాయ సేకరణ సభలు జరిగాయి కదా అంటారేమో. జరిగాయి, కరెంటు తయారుచేసే చోట. దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర కట్టిన యాదాద్రి థర్మల్ కేంద్రం 800 మెగావాట్ల యూనిట్లు ఐదు, మొత్తం 4000 మెగావాట్లు. అలాంటి వాటికి 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ఊరివాళ్ళను కూర్చోబెట్టి వినాల్సిందే. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2022లో జోక్యం చేసుకున్న తర్వాత, 2024 ఫిబ్రవరిలో మళ్ళీ ఒకసారి ప్రజాభిప్రాయం తీసుకున్నారు. అక్కడ పుట్టిన కరెంటు బయటికి పోయే తీగలకు మాత్రం ఆ జాబితాలో చోటు లేదు. లైనుకు ఉండేదల్లా పేపర్లో ఒక ప్రకటన. లైను ఏయే గ్రామాల మీదుగా పోతుందో చిన్న అక్షరాల్లో వేసి, అభ్యంతరాలుంటే ఇన్నాళ్ళలోగా తెలపండి అంటారు. ఆ పేజీని మనం ఎన్నిసార్లు పచ్చళ్ళ సీసాల కింద పరిచామో!

కరెంటు వద్దని ఎవరంటారు? మనవి నీళ్ళు కింద, పొలాలు పైన ఉన్న జిల్లాలు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల్లో ఒక్కో మోటారు 145 మెగావాట్లది. కృష్ణ నీళ్ళు మహబూబ్‌నగర్ చెలకల దాకా రావాలంటే అలాంటివి తిరగాలి, తీగలు కావాలి. మా పెద్దమ్మ కూడా అదే అంది. "తీగలు ఒద్దన్ననా? చెప్పి చెయ్యమన్న."

ఊళ్ళో చెప్పడం అనేది జరిగింది హోటల్ దగ్గర. సర్వేవాళ్ళు చాయ్ తాగుతూ అక్కడున్న మగవాళ్ళతో మాట్లాడి వెళ్ళారు. అక్కడ ఒక్క ఆడమనిషి లేదు. పత్తి ఏరే వేళ అది.

నేను ఊరికి వెళ్ళిన మర్నాడు సర్వేవాళ్ళు మళ్ళీ వచ్చారు. వాళ్ళలో ఒక కుర్ర ఇంజనీరు ఉన్నాడు. పెద్దమ్మ అతన్ని చేనంతా తిప్పింది. అతను ఓపిగ్గా చెప్పాడు. లైను వంపు తిరిగిన ప్రతిచోటా బరువైన టవరు కావాలి, ఖర్చు పెరుగుతుంది, అందుకే తిన్నగా లాక్కుపోతారు. పక్కకు జరపడం కష్టం. కానీ దారి వెంటే టవరును కొంచెం ముందుకో వెనక్కో జరపవచ్చు, పునాది పడకముందైతేనే. పెద్దమ్మ వెంటనే గట్టు చూపించింది. "అయితే గీడ బెట్టు నాయనా." చివరికి టవరు గట్టు మీదకే వచ్చింది. ఈ చిన్న సంగతి ఊళ్ళో మిగతావాళ్ళకు తెలిసేసరికి కాంక్రీటు పోసేశారు.

తీగల సంగతి వేరు. 400 కేవీ లైనుకు 46 మీటర్ల వెడల్పు దారి లెక్క. నూరు మీటర్ల చేను దాటితే ఎకరం ఐదు గుంటలు దాని కిందికి పోయినట్టే. అక్కడ పత్తి వేసుకోవచ్చు, వరి వేసుకోవచ్చు. ఇల్లు కట్టకూడదు, తాడిచెట్టు పెరగకూడదు. కేంద్ర విద్యుత్ శాఖ 2015 అక్టోబరు మార్గదర్శకాల్లో టవరు కాళ్ళ కింది భూమికి విలువలో 85 శాతం, తీగల కింది దారికి 15 శాతం మించకుండా ఇవ్వమంది. 2024 జూన్‌లో వాటిని 200 శాతం, 30 శాతం చేసింది. ఇవి మార్గదర్శకాలే, అమలు రాష్ట్రాల చేతుల్లో ఉంటుంది. మా పెద్దమ్మ గట్టు మీద టవరు అప్పటికే నిలబడిపోయింది.

జర్మనీలో ఉత్తరం నుంచి దక్షిణానికి సూడ్‌లింక్ అనే పెద్ద లైను తలపెడితే ఊళ్ళు ఎదురు తిరిగాయి. 2015లో చట్టం మార్చి తీగల్ని భూమిలోకి దించమన్నారు. దానికి ఖర్చూ పెరిగింది, ఏళ్ళూ పట్టాయి. మన దగ్గర అంత అడిగే పరిస్థితి లేదు. కానీ పునాదికి ముందు గ్రామ పంచాయతీలో ఒక పూట కూర్చుని, మ్యాపు గోడకు పెట్టి, ఆడవాళ్ళను కూడా పిలిచి చెప్పడానికి ఎంత ఖర్చవుతుంది?

పరిహారం దగ్గర అసలు ముడి బయటపడింది. పసుపు కుంకుమ మాటతో ఇచ్చిన భూమి. తాతయ్య తర్వాత మామయ్య పేరు ఎక్కింది, ఆయన తర్వాత ఆయన కొడుకు పేరు. పాసుబుక్కు ఎవరిదైతే డబ్బు వాళ్ళ ఖాతాలోకే. నలభై ఏళ్ళు దున్నిన మనిషి పేరు ఏ కాగితంలోనూ లేదు. మేనల్లుడు చెడ్డవాడు కాదు. "అత్తా, పైసలొస్తె నీకే ఇస్తలే" అన్నాడు. సగం ఇచ్చాడు. మిగతాది పంటలప్పుడు అన్నాడు. ఆ తర్వాత రెండు పంటలు వచ్చిపోయాయి.

పోయిన ఎండాకాలం బోరు ఎండిపోయింది. కొబ్బరికాయ పట్టుకుని నీళ్ళు చూసే ఆయన చేనంతా తిరిగి సరిగ్గా తీగల కింద ఆగాడట. బోరు బండివాడు తలెత్తి చూసి, "పైన కరెంటు, నా బండికి గంత పొడుగు స్తంభం. నాతోని గాదు తల్లీ" అని వెళ్ళిపోయాడు. తీగలకు దూరంగా వేసిన బోరులో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఇప్పుడు మేనల్లుడి బోరు నుంచి పైపేసుకొని దినం విడిచి దినం తడి పెడుతోంది. అందుకే మిగతా సగం డబ్బు గట్టిగా అడగలేకపోతోంది.

2025లో భూభారతి చట్టం వచ్చాక ఊళ్ళో భూముల దరఖాస్తులు తీసుకుంటున్నారని విని పెద్దమ్మ కాగితాలు వెతికింది. తాతయ్య ఇచ్చినట్టు రాసిన కాగితం ఏదీ లేదు. దొరికినవల్లా పాత భూమి శిస్తు రసీదులు, వాటిలో రెండింటి మీద తన వేలిముద్రలు. అవి గుడ్డలో చుట్టి పెట్టుకుంది. సోమవారం తహసీల్దారు ఆఫీసుకు పోవాలట.

"నువ్వు గూడ రా బిడ్డా. మేనల్లుడికి ఇంక జెప్పలే" అంది.