కారు డిస్కుకు తుప్పు ఎక్కడ పడితే ప్రమాదం?

రాత్రంతా వాన కురిసిన మర్నాడు వీధిలో నిలిపిన బండ్ల చక్రాల వైపు ఒకసారి చూడండి. మోటార్ సైకిల్ ముందు చక్రానికున్న బ్రేకు డిస్కు ఎప్పటిలాగే మెరుస్తుంటుంది. పక్కనే ఉన్న కారు డిస్కు మాత్రం నారింజ రంగుకు తిరిగిపోయి ఉంటుంది. లక్షలు పోసి కొన్న కారుకు ఇదేమి ఖర్మ అనిపిస్తుంది. ఈమధ్యనే బయటి కంపెనీ డిస్కులు వేయించుకున్నవారైతే, మెకానిక్ నాసిరకం సరుకు అంటగట్టాడన్న నిర్ణయానికే వచ్చేస్తారు.

ఆ అనుమానంలో కొంత నిజముంది, కొంత లేదు. డిస్కు ముఖం మీద కంటికి కనిపించే ఆ నారింజ పొర మామూలుగా హాని చేయదు. బ్రేకును నిజంగా పాడుచేసే తుప్పు చక్రం విప్పితే తప్ప కనిపించని చోట్ల పడుతుంది. కొత్త డిస్కు కొనేటప్పుడు మనం చూడవలసినవి ఆ చోట్లే.

పోత ఇనుమే ఎందుకు?

బైకు డిస్కులు సాధారణంగా స్టెయిన్‌లెస్ స్టీలుతో చేస్తారు. అందులోని క్రోమియం గాలి తగలగానే అతి పలుచని ఆక్సైడ్ పొరగా ఏర్పడి కింది లోహాన్ని కాపాడుతుంది. కార్లకూ అదే వాడొచ్చు కదా అంటే, అడ్డొచ్చేది వేడి.

బ్రేకు పని కదలికను వేడిగా మార్చడం. 1400 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగిందంటే సుమారు 5.4 లక్షల జౌళ్ల శక్తి వేడిగా మారినట్టు. ఆ భారంలో ఎక్కువ పాలు ముందు చక్రాలదే. ముందు డిస్కు ఒక్కొక్కటి 7 కిలోలనుకుంటే, ఒక్కసారి ఆగేసరికే దాని ఉష్ణోగ్రత 50 డిగ్రీల సెల్సియస్‌కు పైగా పెరుగుతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మలుపు మలుపుకీ బ్రేకు వేస్తూ పోతే ఈ వేడి ఒకదాని మీద ఒకటి పేరుకుపోతుంది. కాబట్టి డిస్కు లోహం వేడిని తనలో దాచుకోగలగాలి, అంతటా త్వరగా పరచగలగాలి, గాలికి వదిలేయగలగాలి.

ఈ పనికి బూడిదరంగు పోత ఇనుము బాగా సరిపోయింది. 1953లో జాగ్వార్ కార్లు డిస్కు బ్రేకులతో లె మాన్ పందెం గెలిచాక ఈ బ్రేకులు మామూలు కార్లలోకీ వచ్చాయి. ఇప్పటికీ అత్యధిక భాగం కార్ల డిస్కులు పోత ఇనుమువే. ఇందులో 3 నుంచి 4 శాతం దాకా కార్బన్ ఉంటుంది. అందులో ఎక్కువ భాగం సన్నని గ్రాఫైట్ రేకులుగా ఇనుమంతా వ్యాపించి ఉంటుంది. ఆ రేకులు వేడిని త్వరగా మోసుకుపోతాయి. బైకు డిస్కుల స్టెయిన్‌లెస్‌తో పోలిస్తే పోత ఇనుము ఉష్ణవాహకత దాదాపు రెట్టింపు. రేకులు కంపనాలను మింగేస్తాయి కాబట్టి బ్రేకు కీచుమనడమూ తగ్గుతుంది. పోత పోయడం తేలిక, ధరా తక్కువ.

తుప్పు విషయంలో ఈ గ్రాఫైటే ఎదురు తిరుగుతుంది. ఇనుమూ గ్రాఫైటూ పక్కపక్కన ఉండి రెండింటి మీదా తడి పరుచుకుంటే అక్కడ సూక్ష్మమైన బ్యాటరీ తయారైనట్టే. గ్రాఫైట్ క్షేమంగా ఉంటుంది, ఇనుము కరుగుతుంది. అలాంటి బ్యాటరీలు డిస్కు మీద లెక్కలేనన్ని.

ఒక్క రాత్రిలో పడే తుప్పు

తుప్పు పట్టాలంటే ఇనుముకు నీరూ ఆక్సిజనూ రెండూ కావాలి. ఇనుప పరమాణువు ఎలక్ట్రాన్లను వదిలి నీటిలోకి దిగుతుంది. ఆ ఎలక్ట్రాన్లను అందుకుని ఆక్సిజన్ నీటితో కలిసి హైడ్రాక్సైడ్ అవుతుంది. ఈ రెండూ కలిసి, మరికొంత ఆక్సిజన్ పీల్చుకుని, మనకు తెలిసిన గోధుమ నారింజ పొడిగా మారతాయి. ఇందుకు వానే పడనక్కర్లేదు. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము మీద కంటికి ఆనని నీటి పొర ఏర్పడుతుంది, అది చాలు.

బ్రేకు వేసినప్పుడు డిస్కును రెండు వైపులా నొక్కే ప్యాడ్లు రుద్దే ముఖం మీద రంగుండదు, నూనె ఉండదు. ఉండకూడదు కూడా. అందుకే కారు కడిగిన కొద్ది గంటలకే అక్కడ తుప్పు కనిపిస్తుంది. ఆ పొర మందం కొద్ది మైక్రాన్లే. మర్నాడు బండి తీసి నాలుగైదు సార్లు బ్రేకు వేస్తే కాస్త గరగరమని పూర్తిగా పోతుంది. కారుతో వచ్చిన డిస్కుకైనా, బయట కొన్న డిస్కుకైనా ఇదే జరుగుతుంది. దీన్ని చూసి సరుకు మంచిదో చెడ్డదో తేల్చడం కుదరదు.

కారు వారాల తరబడి కదలకుండా ఉంటే కథ వేరు. ప్యాడుకూ డిస్కుకూ మధ్య తడి చిక్కుకుని, సరిగ్గా ప్యాడు ఆకారంలో లోతైన మచ్చ పడుతుంది. హ్యాండ్ బ్రేకు వేసి వదిలేస్తే ఒక్కోసారి రెండూ అతుక్కుపోతాయి కూడా. డెట్రాయిట్, షికాగో, టొరంటో ప్రాంతాల తెలుగువాళ్లు శీతాకాలంలో కారును బయట నిలిపి నెలరోజులు ఊరికి వచ్చి వెళితే, తిరిగి బండి తీసినప్పుడు చక్రం టప్పున విడివడిన చప్పుడు వినబడటానికి కారణం ఇదే. ఆ మచ్చ దగ్గర రాపిడి తీరు మారుతుంది కనుక బ్రేకు వేసిన ప్రతిసారీ పెడలు కాస్త అదురుతుంది. మచ్చ పైపైనే ఉంటే కొన్నాళ్లు నడిపేసరికి అరిగిపోతుంది. లోతుగా గుంటలు పడితే మాత్రం డిస్కును లేత్ మీద సాపు చేయించాలి, లేదా మార్చాలి.

ప్యాడు తాకని చోట

డిస్కులో ప్యాడు రుద్దేది ఒక పట్టీ వంటి భాగాన్ని మాత్రమే. మధ్యలో, చక్రాన్ని బిగించే హబ్బు మీద కూర్చునే టోపీ భాగం ఉంది. బయటి అంచు ఉంది. ముందు డిస్కులు చాలావరకు రెండు పలకలుగా ఉండి, వాటి మధ్య గాలి ఆడే సందులుంటాయి. ఈ మూడు చోట్లా పట్టిన తుప్పును గీకేవారు లేరు. ఏటికేడు అది పెరగడమే.

ఉప్పు తోడైతే ఆ వేగం అనేక రెట్లవుతుంది. అమెరికా, కెనడాల్లో మహాసరస్సుల చుట్టుపక్కల రాష్ట్రాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పునీరు మైనస్ 21 డిగ్రీల వరకూ గడ్డకట్టకుండా ఉండగలదు, విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది, అందులోని క్లోరైడ్ అయాన్లు ఇనుము మీద రక్షణ పొరను నిలవనీయవు. కొన్నిచోట్ల చల్లే కాల్షియం, మెగ్నీషియం క్లోరైడ్లు గాలిలోని తేమను లాక్కుని లోహాన్ని తడిగానే ఉంచుతాయి. విశాఖ, కాకినాడ తీరాల్లో మంచు లేకపోయినా సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు తుంపరలు తక్కువ మోతాదులో అదే పని చేస్తాయి.

తుప్పు తాను తిన్న ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. తీరప్రాంతపు ఇళ్లలో శ్లాబు లోపలి చువ్వ తుప్పు పట్టి ఉబ్బి సిమెంటు పెచ్చులను ఊడగొట్టినట్టే, ప్యాడు వెనుక ఉక్కు రేకుకు తుప్పు పడితే అది ఉబ్బి ప్యాడు పదార్థాన్ని రేకు నుంచి ఎత్తేస్తుంది. డిస్కు బయటి అంచున పట్టిన పొలుసులు లోపలికి పాకుతూ ప్యాడు రుద్దే పట్టీని ఇరుకు చేస్తాయి. ఇది తరచూ ఇంజిన్ వైపున్న ముఖం మీద ఎక్కువగా ఉంటుంది. చక్రం సందుల్లోంచి తొంగి చూస్తే బయటి ముఖం అద్దంలా ఉంటుంది, లోపలి ముఖం సగం తుప్పే. గాలి సందుల్లో పొలుసులు పేరుకుంటే డిస్కు చల్లబడటం మందగిస్తుంది. మరీ ముదిరితే పలకలను కలిపి ఉంచే గోడలే సన్నబడి డిస్కు బలం పోతుంది.

హబ్బు మీద ఒక పొలుసు

అన్నిటికన్నా ఎక్కువమంది పట్టించుకోని చోటు, డిస్కు వెనుక హబ్బు. పాత డిస్కు ఊడదీశాక హబ్బు ముఖం మీద బోల్టుల చుట్టూ గరుకైన తుప్పు వలయం కనిపిస్తుంది. దాన్ని శుభ్రం చేయకుండా కొత్త డిస్కు తగిలిస్తే ఏమవుతుందో లెక్క వేద్దాం.

హబ్బు వ్యాసం 140 మిల్లీమీటర్లు, డిస్కు వ్యాసం 280 అనుకోండి. హబ్బు అంచున ఒకచోట 0.05 మిల్లీమీటర్ల పొలుసు ఇరుక్కుంటే, అంటే తలవెంట్రుక మందం కూడా లేనిది, డిస్కు అంత మేరా పక్కకు ఒరుగుతుంది. వ్యాసం రెట్టింపు కనుక డిస్కు అంచు దగ్గరికి వచ్చేసరికి ఊగులాట 0.1 మిల్లీమీటర్లవుతుంది. చాలా కార్లకు అనుమతించే హద్దు 0.05 నుంచి 0.1 లోపే. డయల్ గేజి ముల్లును డిస్కుకు ఆనించి చక్రాన్ని చేత్తో తిప్పితే ముల్లు అటూ ఇటూ ఊగడం స్పష్టంగా కనబడుతుంది.

ఆ ఊగులాట మొదటిరోజు కాలికి తెలియదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు సుమారు 8 సార్లు తిరుగుతుంది. బ్రేకు వేయకపోయినా ప్రతి చుట్టుకూ డిస్కులో ఒరిగిన భాగం ప్యాడును ఒరుసుకుంటూ పోతుంది. వేల కిలోమీటర్లు తిరిగాక అక్కడ మాత్రమే డిస్కు పలుచబడుతుంది. మందంలో తేడా 15 మైక్రాన్లకు చేరితే చాలు, పెడలూ స్టీరింగూ అదరడం మొదలవుతాయి. అప్పుడు డిస్కు వంకరపోయిందంటారు, ఆ బ్రాండును తిట్టుకుంటారు. అసలు తప్పు బిగించిన రోజు జరిగింది. వైరు బ్రష్షుతో అయిదు నిమిషాలు రుద్ది ఉంటే ఆ డిస్కు చక్కగా పనిచేసేది.

విడి డిస్కుల్లో తేడా ఎక్కడ?

కొత్త కార్లతో వచ్చే డిస్కుల్లో చాలావాటికి ప్యాడు తాకని భాగాల మీద ఏదో ఒక పూత ఉంటుంది. బయటి మార్కెట్లో దొరికేవాటిలో అన్ని రకాలూ ఉన్నాయి. అన్నిటికన్నా చవకైనవి ఏ పూతా లేనివి. అట్టపెట్టెలో ఉన్నంతకాలం తుప్పు పట్టకుండా నూనె పూసి పంపుతారు. ఆ నూనె తుడిచేసిన క్షణం నుంచి టోపీ, అంచు, గాలి సందులు అన్నీ నగ్నంగా ఉన్నట్టే. వాటికన్నా మెరుగైనవి టోపీకీ అంచుకీ రంగు వేసినవి. అయితే గాలి సందుల లోపలికి రంగు చేరిందో లేదో చూడాలి.

ఇంకా మెరుగైనవి జింకు, అల్యూమినియం రేకుల పూత ఉన్న వెండిబూడిద రంగు డిస్కులు. ఈ పూత రెండు రకాలుగా కాపాడుతుంది. ఒకదాని మీద ఒకటి పరుచుకున్న రేకులు నీటికి దారి లేకుండా చేస్తాయి. గీత పడినా, ఇనుము కన్నా ముందు జింకు తాను కరిగిపోయి ఇనుమును నిలబెడుతుంది. ఒకప్పుడు ఇలాంటి పూతల్లో విషపూరితమైన ఆరు వేలెన్సీ క్రోమియం ఉండేది. ఐరోపా సమాఖ్య 2007 నుంచి కొత్త కార్లలో దాన్ని నిషేధించడంతో క్రోమియం లేని పూతలు వచ్చాయి.

మరో పద్ధతిలో పూత అనేదే ఉండదు. డిస్కును సుమారు 560 డిగ్రీల దగ్గర నైట్రోజన్, కార్బన్ ఉన్న వాతావరణంలో గంటల తరబడి ఉంచుతారు. ఇనుము పైపొరే గట్టి ఇనుప నైట్రైడుగా మారుతుంది. దాని మందం 10 మైక్రాన్లకు అటూ ఇటూ. ప్యాడు రుద్దే ముఖం మీద కూడా ఇది కొంతకాలం నిలుస్తుంది. జనరల్ మోటార్స్ తన కార్లకు ఇలాంటి డిస్కులు వాడింది.

పూతల నాణ్యతను ఉప్పు తుంపర పరీక్షతో చూస్తారు. 35 డిగ్రీల పెట్టెలో 5 శాతం ఉప్పునీటిని పొగమంచులా చల్లుతూ ఎన్ని గంటలకు ఎర్ర తుప్పు కనబడుతుందో గమనిస్తారు. ఆ గంటలను రోడ్డు మీది ఏళ్లుగా మార్చుకోకూడదు. రెండు పూతల్లో ఏది మేలో పోల్చుకోవడానికే అవి పనికొస్తాయి.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు

దుకాణంలో డిస్కును చేతిలోకి తీసుకుని సెల్‌ఫోన్ లైటు గాలి సందుల్లోకి వేసి చూడండి. లోపలి గోడల మీద కూడా అదే రంగుంటే పూత పూర్తిగా వేసినట్టు. కొన్ని డిస్కులకు ప్యాడు తాకే ముఖం మీద కూడా పూత ఉంటుంది. మొదటి కొద్దిసార్ల బ్రేకుకే అది పోతుంది, పోవాలి కూడా. దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు. నూనె పూసిన డిస్కైతే బ్రేకు క్లీనరుతో శుభ్రంగా తుడిచాకే ప్యాడ్లు తగిలించాలి.

బిగించేటప్పుడు హబ్బు ముఖాన్ని మెరిసేదాకా రుద్దమని మెకానిక్‌కు చెప్పండి. ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్ జారే పిన్నులు తేలిగ్గా కదులుతున్నాయో లేదో చూడమనండి. అవి తుప్పుతో బిగుసుకుంటే ఒక ప్యాడు అరిగిపోతుంది, రెండోది పని చేయదు. చక్రం బోల్టులను ఎదురెదురుగా, చెప్పిన టార్కుకే బిగించాలి. తర్వాత టైర్లు మార్పించిన ప్రతిసారీ లోపలి ముఖాన్ని చూపించమని అడగండి. డిస్కు మీద ముద్రించిన కనీస మందం కన్నా పలుచబడితే ఇక లేత్ పనికి పంపకూడదు. కారు కడిగాక ఒక చుట్టు తిప్పి, నెమ్మదిగా నాలుగు బ్రేకులు వేసి, డిస్కులు ఆరాకే నిలపండి.

ఎలక్ట్రిక్ కార్లు కొన్నవారికి ఈ జాగ్రత్తలు మరీ ముఖ్యం. వాటిలో వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేసి కరెంటును బ్యాటరీకి పంపుతుంది కనుక ప్యాడ్లకు పని తక్కువ, తుప్పుకు తీరిక ఎక్కువ. ఫోక్స్‌వ్యాగన్ ఐడీ.3, ఐడీ.4 కార్లకు వెనుక మూసి ఉండే డ్రమ్ము బ్రేకులనే ఎంచుకుంది. రోడ్ల మీద ఉప్పు చల్లే ప్రాంతాల్లో ఏడాదికోసారి లేదా 20,000 కిలోమీటర్లకోసారి కాలిపర్లను శుభ్రం చేయించమని టెస్లా తన వాహనదారులకు చెబుతోంది. మరోవైపు ఐరోపా కొత్త యూరో 7 నియమాలు మొదటిసారిగా బ్రేకు ధూళికి హద్దు పెట్టాయి. పెట్రోలు, డీజిలు కార్లకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు, పూర్తి ఎలక్ట్రిక్ కార్లకు 3. అరగని, తుప్పు పట్టని గట్టి పూతల డిస్కులు ఈ ఒత్తిడితో మామూలు కార్లకూ వస్తాయి.

అందాకా మన చేతిలో ఉన్నది అడగడం. పెట్టె మీద కారు మోడలు, డిస్కు కొలతలు ముద్రించినట్టే పూత ఏమిటో, ఏయే భాగాలకు వేశారో కూడా తయారీదారులు ముద్రించాలి. ప్రాణాలను నిలిపే భాగానికి ఆ ఒక్క వాక్యం ఎక్కువేమీ కాదు. కొనేవాళ్లు ప్రతి దుకాణంలోనూ అడగడం మొదలుపెడితే, రాయక తప్పని రోజు వస్తుంది.