మార్కులా.. గ్రేడ్లా? పదో తరగతికి ఏది న్యాయం
పుష్కర కాలంలో పలుమార్లు మారిన పద్ధతి.. పల్లె విద్యార్థికి తీరని చిక్కులు

పదో తరగతి మార్కుల జాబితా చూడటానికి ఒక్క కాగితమే. పల్లె విద్యార్థికి అది చేసిపెట్టే పనులు మాత్రం అన్నీ ఇన్నీ కావు. ట్రిపుల్‌ఐటీలో సీటుకు అదే అర్హత. గ్రామీణ తపాలా కొలువుకు అదే కొలమానం. పుట్టిన తేదీకి జీవితాంతం అదే ఆధారం. పట్నం పిల్లలకు ముందు ముందు ప్రవేశ పరీక్షలు, శిక్షణ కేంద్రాలు, ఇతర దారులు ఎన్నో ఉంటాయి. రెక్కాడితే గాని డొక్కాడని ఇంటి బిడ్డకు చాలాసార్లు ఈ ఒక్క కాగితమే పెట్టుబడి. ఇంతటి విలువైన పత్రాన్ని తయారుచేసే పద్ధతి 2012 నుంచి ఇప్పటివరకు పలుమార్లు మారింది. మార్కులు పోయి గ్రేడ్లు వచ్చాయి. గ్రేడ్లు పోయి మళ్లీ మార్కులు వచ్చాయి. పేపర్ల సంఖ్య తగ్గింది. అంతర్గత మార్కులు వచ్చాయి, ఒక రాష్ట్రంలో పోయాయి. ఇన్ని మార్పుల తరువాతా అసలు ప్రశ్న అలాగే ఉంది. విద్యార్థి శ్రమకు తగిన విలువ ఆ కాగితంపై పడుతోందా?

ఒత్తిడి తగ్గించాలని గ్రేడ్లు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012 మార్చి పరీక్షల నుంచి పదో తరగతిలో గ్రేడింగ్ అమల్లోకి వచ్చింది. ఒకటి రెండు మార్కుల తేడాతో పిల్లలను వరుసలో నిలబెట్టడం, ఆ వరుసను చూపి పాఠశాలలు ప్రకటనలు గుప్పించుకోవడం ఆగాలన్నది దీని ఉద్దేశం. 91 నుంచి 100 మార్కుల మధ్య ఎన్ని వచ్చినా ఏ1 గ్రేడు, పది పాయింట్లు. 81 నుంచి 90 మధ్య ఉంటే ఏ2, తొమ్మిది పాయింట్లు. ఇలా ప్రతి పది మార్కులకూ ఒక మెట్టు. అన్ని సబ్జెక్టుల పాయింట్ల సగటే జీపీఏ.

ఉద్దేశం మంచిదే. ప్రకటనలు మాత్రం ఆగలేదు. ఒకప్పుడు మార్కులతో అచ్చయిన ఫొటోలు ఆ తరువాత ‘10/10’ అంకెతో అచ్చయ్యాయి. ఆంధ్రప్రదేశ్ 2022లో తిరిగి మార్కులు ప్రకటించింది. ర్యాంకులతో పాఠశాలలు ప్రకటనలు ఇవ్వడాన్ని అదే ఏడాది నిషేధించింది. తెలంగాణ 2025 ఫలితాల్లో జీపీఏను పక్కనపెట్టి, మార్కులతో పాటు సబ్జెక్టుల వారీ గ్రేడ్లు ఇచ్చింది.

590 కన్నా 546 మిన్న!

గ్రేడ్లలోని లోపం ఒక చిన్న లెక్కతో తేటతెల్లమవుతుంది. ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు అనుకుందాం. ఒక విద్యార్థికి ఆరింటిలోనూ 91 చొప్పున వచ్చాయి. మొత్తం 546. అన్నింటా ఏ1 కనుక జీపీఏ 10. మరో విద్యార్థినికి ఐదింటిలో నూటికి నూరు, సాంఘికశాస్త్రంలో 90 వచ్చాయి. మొత్తం 590. ఒక్క మార్కుతో సాంఘికశాస్త్రంలో ఏ2 పడింది. ఐదు పదులు, ఒక తొమ్మిది కలిపి ఆరుతో భాగిస్తే జీపీఏ 9.8. అంటే 44 మార్కులు ఎక్కువ తెచ్చుకున్న అమ్మాయి వరుసలో వెనుక నిలిచింది.

పక్కపక్క మెట్ల మీద ఉన్నవారికి ఇలాంటి నష్టం జరిగితే, ఒకే మెట్టు మీద ఉన్నవారిది మరో చిక్కు. ప్రతిభ గల గ్రామీణ విద్యార్థుల కోసం 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక, సాంకేతిక విశ్వవిద్యాలయం పదో తరగతి ఫలితాల ఆధారంగానే ప్రవేశాలు కల్పిస్తూ వచ్చింది. జీపీఏ సమానమైతే గణితం గ్రేడు, ఆ తరువాత సామాన్యశాస్త్రం, ఆంగ్లం, సాంఘికశాస్త్రం, ప్రథమ భాష గ్రేడ్లు వరుసగా చూసేవారు. అవీ సమానమైతే వయసులో పెద్దవారికి ప్రాధాన్యం. అదీ సమానమైతే హాల్‌టికెట్ సంఖ్య నుంచి తీసిన యాదృచ్ఛిక సంఖ్య. పదేళ్ల చదువు చివరకు పుట్టిన తేదీ మీద, అంకెల ఆట మీద ఆధారపడిందన్నమాట. జవాబు పత్రాల్లో అసలు మార్కులు ఉండనే ఉన్నాయి. వాటిని దాచిపెట్టడమే ఈ చిక్కుకు మూలం.

కొలువు దగ్గరా అదే కథ

చదువు ముగిశాక కూడా గ్రేడు వెంటాడుతూనే ఉంది. తపాలా శాఖ గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగాలను రాత పరీక్ష లేకుండా పదో తరగతి ప్రతిభతోనే భర్తీ చేస్తుంది. మార్కులు లేక గ్రేడు పాయింట్లు మాత్రమే ఉన్న అభ్యర్థులకు వాటిని 9.5తో హెచ్చించి శాతంగా మార్చడం ఆ ప్రకటనల్లో కనిపించే నిబంధన.

పై ఉదాహరణనే తీసుకుంటే 91 శాతం మార్కుల విద్యార్థికి ఈ లెక్కలో 95 శాతం దక్కుతుంది. 98 శాతం దాటి తెచ్చుకున్న అమ్మాయికి సుమారు 93 శాతమే మిగులుతుంది. అవే 590 మార్కులు 2022 తరువాత ఆంధ్రప్రదేశ్‌లో వచ్చి ఉంటే 98.33 శాతంగానే లెక్కకు వచ్చేవి. అక్క 2018లో, చెల్లెలు 2023లో పది పూర్తిచేసి ఇద్దరూ ఒకే ఉద్యోగానికి దరఖాస్తు చేస్తే, సమాన ప్రతిభ ఉన్నా వారి శాతాలు సమానం కావు. ఎంపిక జాబితాలో దశాంశ బిందువు తరువాతి అంకెలు సైతం తలరాతను మార్చే చోట ఇది చిన్న తేడా కాదు.

ఇరవై మార్కుల వివాదం

రెండో వివాదం అంతర్గత మార్కులది. మూడు గంటల పరీక్షతోనే పదేళ్ల చదువును తూచరాదన్న ఆలోచనతో నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చింది. ప్రాజెక్టు పనులు, రాత పనులు, తరగతిలో భాగస్వామ్యం, లఘు పరీక్షలకు కలిపి 20 మార్కులు, వార్షిక పరీక్షకు 80 మార్కులు కేటాయించారు. తెలంగాణ 2015 పరీక్షల నుంచి, ఆంధ్రప్రదేశ్ 2017 పరీక్షల నుంచి దీన్ని పాటించాయి.

ఆచరణలో ఈ ఇరవై మార్కులు ఎవరి చేతిలో ఉంటే వారి ఇష్టంగా మారాయన్న విమర్శ మొదటి నుంచీ ఉంది. తమ పాఠశాల పేరు నిలబెట్టుకోవాలనుకునే యాజమాన్యం ఇరవైకి ఇరవై వేసుకుంటుంది. నిజాయతీగా పద్నాలుగో పదిహేనో వేసిన ప్రభుత్వ ఉపాధ్యాయుడి విద్యార్థి నష్టపోతాడు. రికార్డుల తనిఖీకి బృందాలు ఉన్నా, రాసిపెట్టిన రికార్డు అసలుదో కాదో ఒక పూటలో తేల్చడం అయ్యే పని కాదు.

అంతర్గత మార్కుల బలహీనతను కరోనా కాలం బట్టబయలు చేసింది. 2020, 2021లో పరీక్షలు రద్దయ్యాయి. తెలంగాణలో అంతర్గత మార్కుల ఆధారంగానే గ్రేడ్లు ఇచ్చారు. 2021లో సుమారు 5.21 లక్షల మంది ఉత్తీర్ణులు కాగా, వారిలో 2.10 లక్షల మందికి పైగా పదికి పది జీపీఏ వచ్చింది. పరీక్షలు యథావిధిగా జరిగిన 2023లో ఆ ఘనత దక్కినవారు ఆరు వేల పైచిలుకు మాత్రమే. రెండేళ్లలో పిల్లల తెలివి ఇంతగా తగ్గలేదు. కొలిచే గరిటె మారింది. ఆ గ్రేడ్లపై నమ్మకం లేకనే 2021లో బాసర ట్రిపుల్‌ఐటీ ప్రవేశాలను పాలిసెట్ ర్యాంకులతో, ఆంధ్రప్రదేశ్‌లోని ప్రాంగణాల ప్రవేశాలను ప్రత్యేక పరీక్షతో చేపట్టాల్సి వచ్చింది.

ఆంధ్రప్రదేశ్ 2019లోనే అంతర్గత మార్కులను తొలగించింది. తెలంగాణ 2024 నవంబరులో తొలగింపును ప్రకటించి, విద్యా సంవత్సరం సగం గడిచిందన్న అభ్యంతరాలు రావడంతో వెంటనే ఆ ఏడాదికి పాత పద్ధతినే కొనసాగించింది. నడిఏట తెప్ప మార్చడం ఎంత కష్టమో అప్పటి పదో తరగతి విద్యార్థులకు అనుభవంలోకి వచ్చింది.

ఉత్తీర్ణత శాతం చెప్పేదెంత?

2019లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఉత్తీర్ణత 94.88 శాతం. 2022లో అది 67.26 శాతానికి పడిపోయింది. అదే 2022లో తెలంగాణలో 90 శాతం నమోదైంది. ఏటిగట్టుకు ఆ పక్క పిల్లలు చదువరులు, ఈ పక్క పిల్లలు కాదనుకుంటే పొరపాటే. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఏడాది అంతర్గత మార్కుల ఊతం లేదు. రెండేళ్లు బడికి దూరమై, ఫోను లేక ఆన్‌లైన్ పాఠాలు అందని పిల్లలు నేరుగా నూరు మార్కుల పరీక్షను ఎదుర్కొన్నారు. ప్రశ్నపత్రం తీరు, పేపర్ల సంఖ్య, అంతర్గత మార్కులు ఏటికేడు మారుతున్నప్పుడు ఒక ఏడాది శాతాన్ని మరో ఏడాదితో పోల్చి ఉపాధ్యాయులను సన్మానించడం గాని, సంజాయిషీ అడగడం గాని సమంజసం కాదు.

దిద్దే చేతిలో భవిత

మార్కులైనా గ్రేడ్లయినా వాటికి పునాది మూల్యాంకనం. స్పాట్ వాల్యుయేషన్ కేంద్రంలో అసిస్టెంట్ ఎగ్జామినర్ రోజుకు దాదాపు 40 జవాబు పత్రాలు దిద్దుతారు. స్పెషల్ అసిస్టెంట్ మొత్తాలు సరిచూస్తారు. చీఫ్ ఎగ్జామినర్ కొన్నింటిని తిరిగి పరిశీలిస్తారు. మండుటెండల్లో, గడువు తరుముతుండగా సాగే ఈ పనిలో ఒక పుట దిద్దకుండా తిరిగిపోయినా, కూడికలో ఒక అంకె జారినా ఒక ఇంట దీపం మసకబారుతుంది.

ఇది ఊహ కాదు. 2025లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఫలితాల తరువాత పునఃపరిశీలనలో మార్కుల తేడాలు పెద్ద సంఖ్యలో బయటపడి, ఫెయిలైనట్లు చూపిన విద్యార్థులు మంచి మార్కులతో ఉత్తీర్ణులయ్యారు. కొందరు మూల్యాంకకులు సస్పెండయ్యారు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాల్లో తప్పులు దొర్లి, పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్న తరువాత ఫెయిలైన వారందరి పత్రాలనూ ఉచితంగా పరిశీలించారు. వెయ్యి మందికి పైగా ఉత్తీర్ణులుగా తేలారు.

పదో తరగతిలో మార్కుల రీకౌంటింగ్‌కు సబ్జెక్టుకు 500 రూపాయలు, జవాబు పత్రం నకలుతో రీవెరిఫికేషన్‌కు వెయ్యి రూపాయలు రుసుముగా ఉంటూ వచ్చింది. 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఒక్క సబ్జెక్టు పత్రం తిరిగి చూపించుకోవాలంటే ఇంటి పెద్ద మూడు రోజులకు పైగా మట్టి మోయాలి. పైగా ఆ ఫలితం కోసం ఆగకుండా సప్లిమెంటరీ రుసుము కట్టుకోవాలన్నది అధికారుల సూచన. తప్పు దిద్దినవారిదైనా ఖర్చు మాత్రం రాసినవారిదే అవుతోంది.

అందరికీ ఒకే గీటురాయి కావాలంటే..

కేంద్రీయ మాధ్యమిక విద్యా మండలి గ్రేడ్లు మరో తీరులో ఉంటాయి. సబ్జెక్టులో ఉత్తీర్ణులైన వారిని వరుసగా పేర్చి, పైనున్న ఎనిమిదో వంతుకు ఏ1 ఇస్తారు. మార్కులు పక్కనే ఉంటాయి. ప్రశ్నపత్రం ఒక ఏడాది కఠినంగా, మరో ఏడాది సులువుగా వచ్చినా ఈ పద్ధతిలో గ్రేడు విలువ పెద్దగా మారదు. ఏళ్ల మధ్య పోలికకు ఇది మేలు. అదే మండలి 2026 నుంచి పదో తరగతికి ఏడాదిలో రెండు పరీక్షలకు 2025 జూన్‌లో ఆమోదం తెలిపింది. మొదటిది తప్పనిసరి. రెండోది కోరుకున్నవారు మూడు సబ్జెక్టుల వరకు మార్కులు పెంచుకునేందుకు. మన రాష్ట్రాల సప్లిమెంటరీ ప్రధానంగా తప్పినవారిని గట్టెక్కించే పరీక్ష. జ్వరంతో రాసి 60 దగ్గర ఆగిన విద్యార్థికీ మరో అవకాశం ఉండాలన్న ఆలోచన పరిశీలించదగినది.

వీటన్నింటి నుంచి తేలేది ఒక్కటే. మార్కులా, గ్రేడ్లా అన్న వాదన కన్నా వాటి వెనుక ఉన్న పనితీరే ముఖ్యం. జాబితాపై మార్కులు, గ్రేడు రెండూ ఉంటే ఎంపికల్లో చిక్కులు తగ్గుతాయి. 2012 తరువాత గ్రేడ్లతోనే బయటికి వచ్చిన వారు కోరితే మార్కుల ధ్రువపత్రం ఇచ్చే వెసులుబాటు ఉంటే వారికి జరిగిన నష్టం కొంతైనా పూడుతుంది. అంతర్గత మార్కులు ఉంచదలిస్తే, వార్షిక పరీక్షలో వచ్చిన మార్కులతో వాటికి పొంతన లేని పాఠశాలలను గుర్తించి సరిచేసే ఏర్పాటు ఉండాలి. ఒకటి రెండు సబ్జెక్టుల్లో తప్పి, మిగతా వాటిలో మంచి మార్కులు వచ్చిన వారి పత్రాలను ఫలితాలకు ముందే మరోసారి చూడటం మూల్యాంకన కేంద్రాలకు అసాధ్యం కాదు. పరిశీలనలో తప్పు రుజువైతే రుసుము తిరిగి ఇవ్వడం కనీస ధర్మం. ఏ మార్పు చేసినా తొమ్మిదో తరగతి ముగిసేలోగా చెప్పడం అన్నింటికన్నా ముఖ్యం.

ఫలితాలు వచ్చిన తరువాత తేడా ఉందనిపించిన విద్యార్థులు రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ గడువును వెంటనే ప్రధానోపాధ్యాయుడి వద్ద తెలుసుకోవాలి. రీవెరిఫికేషన్‌లో జవాబులను కొత్తగా దిద్దరు. దిద్దకుండా వదిలేసిన జవాబులు, మొత్తాల్లో పొరపాట్లు మాత్రమే సరిచేస్తారు. ఆ ఫలితం కోసం వేచి ఉండక సప్లిమెంటరీ రుసుము గడువులోగా చెల్లించడం, చదువు ఆపకుండా సాగించడం శ్రేయస్కరం. తప్పిన పరీక్షను కొద్ది వారాల్లోనే మళ్లీ రాయవచ్చన్న భరోసాను ఆ రోజు ఇంట్లో పెద్దలే పిల్లలకు ఇవ్వాలి.