చివరి మడికి నీరందాలి

కాలువ తవ్వడం వేరు, చివరి మడికి నీరందించడం వేరు. ఆయకట్టు చివర పొలమున్న రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ప్రయోగశాలలో మానవ అవయవాలను రూపొందించాలని శ్రమిస్తున్న శాస్త్రజ్ఞులకు ఎదురవుతున్న చిక్కు కూడా ఇదే. వారు కణాలను పెంచగలుగుతున్నారు, వాటికొక ఆకృతిని ఇవ్వగలుగుతున్నారు. కాని ఆ కణాలన్నింటికీ రక్తం చేరేలా చేయడం మాత్రం ఇంకా కొరకరాని కొయ్యగానే ఉంది.

మూత్రపిండాలు చెడిపోయిన మనిషి ఉన్న ఇంట్లో ఇది కేవలం విజ్ఞానశాస్త్ర విశేషం కాదు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ చేయించుకోవాలి. తల్లో, భార్యో, తోబుట్టువో తమ మూత్రపిండం ఇవ్వడానికి ముందుకు రావాలి. అది కుదరకపోతే జీవన్‌దాన్ జాబితాలో పేరు నమోదు చేసుకుని ఎదురుచూడాలి. రోగి సొంత కణాలతోనే కొత్త అవయవాన్ని తయారు చేయగలిగితే ఈ నిరీక్షణ తప్పుతుంది. ఈ ఆశయంతో సాగుతున్న శాస్త్రమే కణజాల ఇంజనీరింగ్. 1993లో అమెరికాకు చెందిన రాబర్ట్ లాంగర్, జోసెఫ్ వకాంటి 'సైన్స్' పత్రికలో ప్రచురించిన వ్యాసం దీనికి గట్టి పునాది వేసింది.

ఈ రంగంలో తొలి విజయాలు ఎక్కడ లభించాయో గమనిస్తే అసలు సమస్య మనకు బోధపడుతుంది. కాలిన గాయాలపై కప్పే చర్మపు పొర పలుచనిది. కింది గాయం నుండే దానికి పోషణ అందుతుంది. కంటి నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర కార్నియాలో రక్తనాళాలే ఉండవు. మన హైదరాబాదులోనే ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐఐటీ, సీసీఎంబీ శాస్త్రజ్ఞులు కలిసి మానవ కార్నియా కణజాలం నుండి తీసిన పదార్థంతో త్రీడీ ముద్రణ ద్వారా కృత్రిమ కార్నియాను రూపొందించి, 2022లో ఒక కుందేలు కంటిలో అమర్చారు. కాలేయం, మూత్రపిండం వంటి మందమైన అవయవాల విషయం ఇలా కాదు. శరీరంలోని కణాలలో అత్యధిక భాగం ఏదో ఒక కేశనాళికకు 100 నుండి 200 మైక్రోమీటర్ల దూరంలోనే ఉంటాయి. మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంతకన్నా దూరమైన కణానికి ప్రాణవాయువు చాలదు, అది నశిస్తుంది.

కేశనాళిక వెడల్పు 5 నుండి 10 మైక్రోమీటర్లు మాత్రమే. ఎర్ర రక్తకణాలు అందులో ఒకదాని వెనుక ఒకటిగా సాగవలసిందే. ఇంతటి సూక్ష్మమైన దారిని కంటితో చూడకముందే బుద్ధితో ఊహించినవాడు ఇబ్న్ అన్-నఫీస్. డమాస్కస్‌లో వైద్యవిద్య నేర్చి కైరోలో స్థిరపడిన ఆయన వైద్యుడే కాదు, షాఫయీ ఫిఖ్‌హ్ పండితుడు కూడా. గుండె కుడి గది నుండి రక్తం మధ్యగోడలోని రంధ్రాల గుండా ఎడమ గదికి చేరుతుందని గ్రీకు వైద్యుడు గాలెన్ చెప్పిన మాటే ఆనాటికి ప్రమాణం. ఇబ్న్ సీనా గ్రంథంలోని శరీర నిర్మాణ భాగానికి 1242లో రాసిన వ్యాఖ్యానంలో ఇబ్న్ అన్-నఫీస్ దానిని తోసిపుచ్చాడు. ఆ గోడకు రంధ్రాలు లేవనీ, రక్తం ఊపిరితిత్తుల గుండానే ప్రయాణిస్తుందనీ, అక్కడ ధమనికీ సిరకూ నడుమ సన్నని మార్గాలు ఉండి తీరాలనీ రాశాడు. 1628లో విలియం హార్వే రక్తప్రసరణను నిరూపించాడు గాని, ధమనికీ సిరకూ మధ్యనున్న ఆ లంకెను ఆయనా చూడలేదు. 1661లో మాల్పీగీ సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తులను పరిశీలించినప్పుడు ఆ మార్గాలు మనిషి కంటబడ్డాయి.

చూడడం ఒక ఎత్తు, లెక్కపెట్టడం మరొక ఎత్తు. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఆగస్ట్ క్రోగ్ జంతువుల రక్తనాళాలలోకి నల్లసిరా ఎక్కించి, కండరాలను పలుచగా కోసి, సిరా నిండిన కేశనాళికలను లెక్కపెట్టాడు. కండరం విశ్రాంతిలో ఉన్నప్పుడు కొన్ని నాళికలే తెరుచుకుని ఉంటాయనీ, పనిచేసేటప్పుడు మరెన్నో తెరుచుకుంటాయనీ తేల్చాడు. ఈ కృషికి 1920లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

నేటికీ ప్రయోగశాలలో కణజాల పరీక్ష ఇదే బాటలో సాగుతుంది. నమూనాను ఫార్మలిన్‌లో నిలవచేసి, మైనంలో పొదిగి, కొన్ని మైక్రోమీటర్ల మందాన పొరలుగా కోస్తారు. నాళాల లోపలి గోడ కణాలపై ఉండే సీడీ31 అనే ప్రోటీనును గుర్తించే రంగు వేస్తారు. సూక్ష్మదర్శిని కింద నాళాలు చిన్న చిన్న వలయాలుగా కనబడతాయి. అయితే వలయం దారి కాదు. అరటి దూటను అడ్డంగా కోసిన చక్రాన్ని చూసి చెట్టు ఎత్తు చెప్పలేము గదా! ఈ నాళం ఎక్కడ మొదలైంది, ఎక్కడ చీలింది, మధ్యలో తెగిపోయిందా అన్నది ఒక్క పొర చెప్పజాలదు.

కోయకుండా లోపలికి చూడాలంటే కణజాలం పారదర్శకం కావాలి. పకోడీల నూనె అంటిన కాగితం గుండా వెలుగు కనబడడం మనం ఎరిగినదే. కాగితపు పోగుల మధ్యనున్న గాలి స్థానంలో నూనె చేరడంతో వెలుగు చెదరడం తగ్గుతుంది. కణజాలంలోనూ నీరు, కొవ్వు, ప్రోటీన్లు వెలుగును తలా ఒక తీరుగా వంచుతాయి. నీటినీ కొవ్వునూ తొలగించి తగిన ద్రవంలో నానబెడితే మాంసపు ముక్క గాజు వలె మారుతుంది. జర్మనీలో వెర్నర్ స్పాల్టెహోల్ట్స్ 20వ శతాబ్ది ఆరంభంలోనే ఈ సూత్రాన్ని ఉపయోగించాడు. తుర్కియేలో జన్మించి మ్యూనిక్‌లో పరిశోధనలు చేస్తున్న అలీ ఎర్టుర్క్ బృందం 2020 నాటికి మానవ మూత్రపిండాన్ని సైతం పారదర్శకంగా మార్చగలిగింది. అటువంటి నమూనాలోకి పక్క నుండి పలుచని వెలుగు తెరను పంపి, ఒక్కొక్క పొరనూ ఫోటో తీస్తారు. కంప్యూటరు వాటిని పేర్చి నాళాల వలను సంపూర్ణంగా చూపిస్తుంది. ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో మరొక మార్గం చేపట్టారు. అక్కడి శక్తిమంతమైన ఎక్స్-కిరణాలతో అవయవం మొత్తాన్నీ చిత్రించి, కోరిన చోట మరింత సూక్ష్మంగా చూసే పద్ధతిని 2021లో వెల్లడించారు.

నాళం ఉన్నంత మాత్రాన అందులో రక్తం పారుతున్నట్లు కాదు. కొత్త కణజాలాన్ని జంతువు శరీరంలో అమర్చిన తరువాత దీనిని పరీక్షించడానికి చక్కని ఉపాయం ఉంది. నమూనా తీయకముందే ఒక రంగును రక్తంలోకి ఎక్కిస్తారు. తీసిన తరువాత నాళాలన్నింటికీ మరొక రంగు అద్దుతారు. రెండు రంగులూ ఉన్నచోట ప్రవాహం ఉన్నట్టు. రెండవ రంగు మాత్రమే ఉంటే అది ఎండిన కాలువ.

మన మూత్రపిండం ఒక్కొక్కదానిలో సుమారు పది లక్షల వడపోత కేంద్రాలు ఉంటాయి. ప్రతి కేంద్రమూ కేశనాళికల చిన్న ఉండే. 2013లో బోస్టన్‌లో హెరాల్డ్ ఒట్ బృందం ఎలుక మూత్రపిండంలోని పాత కణాలను కడిగివేసి, మిగిలిన చట్రంలో కొత్త కణాలు నింపి, మరో ఎలుకలో అమర్చింది. అది మూత్రాన్ని తయారు చేసింది గాని, సహజ మూత్రపిండం స్థాయిలో వడపోయలేకపోయింది. చిత్రాల అవసరం ఇక్కడే తెలుస్తుంది. ఏ శాఖ ఎండిపోయిందో కనబడితేనే దానిని సరిదిద్దడం సాధ్యం.

ఈ పరిశోధనలకు ఆధారమైన ప్రతి నమూనా వెనుక ఒక మనిషి ఉన్నాడు. శస్త్రచికిత్సలో తొలగించిన ముక్కను వాడుకోవడానికి సమ్మతించిన రోగి కావచ్చు, మరణించిన ఆప్తుని శరీరాన్ని అప్పగించిన కుటుంబం కావచ్చు. అది పరిశోధకుల చేతిలో అమానత్. అనుమతి లేకుండా దానిని తాకరాదు, ఇచ్చిన మాటకు మించి వాడరాదు.

మార్చి అమర్చుకోదగిన మూత్రపిండాన్ని ఏ ప్రయోగశాలా ఇంకా ఇవ్వలేదు. కనుక అటువంటి వాగ్దానాలతో వచ్చే ప్రకటనలకు డబ్బు పోయడం తగదు. మనకు ప్రసాదించబడిన నాళాలను కాపాడుకోవడం మాత్రం నేడే మన చేతిలో ఉంది. అదుపు తప్పిన మధుమేహం, రక్తపోటు ముందుగా దెబ్బతీసేది మూత్రపిండాలలోని, కంటి వెనుక పొరలోని ఈ సన్నని నాళాలనే. కోత లేకుండా వైద్యుడు నేరుగా చూడగలిగే రక్తనాళాలు కంటిలోనే ఉన్నాయి. ఇంట్లో షుగరు ఉన్న పెద్దలకు ఏటా ఒకసారి కంటి రెటీనా పరీక్ష, మూత్రంలో ప్రోటీను పరీక్ష చేయిద్దాం. చివరి మడి ఎండకముందే కాలువను చూసుకునేవాడే మెలకువ గల రైతు.