వాననీటికి విడిది

హైదరాబాదు నగరమున గంటసేపు కుంభవృష్టి కురిసినంతనే వీథులు ఏఱులగుటయు, ఆ నీరు ఇండ్లలోనికి చొచ్చుటయు జనులకు పరిపాటియైపోయినది. దీనికి మేఘమును నిందించుట సులభమే. కాని నూఱు చదరపు మీటర్ల డాబాపై ఒక్క సెంటీమీటరు వాన కురిసినను అది వేయి లీటర్ల నీరగును. ఆ డాబా లేని నాడు అందు కొంత మన్ను త్రాగి, కొంత చెట్లు పట్టి, మిగిలినది మెల్లగా వాగు చేరెడిది. నేడు సిమెంటును తారును కప్పిన నేలపై ఎచటను నిలువక ఒక్కుమ్మడిగా నాలాపై విరుచుకొనిపడుచున్నది.

వాగునకు దీనివలన కలుగు హాని వరద యొక్కటియే కాదు. తొలకరినాడు ఏ కల్వర్టు కడనైనను నిలిచి చూడుడు: బండ్లనుండి కారిన నూనె రంగురంగుల పొరయై తేలుచుండును, టైర్ల అరుగుడు పొడియు రోడ్డు మట్టియు కలిసి నీరు నల్లబడియుండును, ఇనుప కమ్ములకు క్యారీబ్యాగులు చిక్కుకొని ప్రవాహమున కడ్డుపడుచుండును. ఆ ఉరవడికి గట్లు కోతపడును, చేపపిల్లలు కొట్టుకొనిపోవును. భూమిలోనికి నీరింకమిచే, వాన వెలిసిన కొలది దినములకే ఆ వాగున మురుగు తప్ప మఱేమియు పారదు.

1908 సెప్టెంబరున మూసీ పొంగి వేలాది ప్రాణములను బలిగొన్న పిమ్మట, నిజాము ప్రభుత్వము పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నీటిని నగరమునకు ఎగువనే ఆపవలెనని సలహా యిచ్చిరి. తత్ఫలితముగా మూసీపై 1920లో ఉస్మాన్‌సాగరును, దాని ఉపనదియైన ఈసీపై 1927లో హిమాయత్‌సాగరును వెలసినవి. అయితే నగరము నెత్తిననే కురియు వానకు ఆ జలాశయము లేమి చేయగలవు? ఆ పని పూర్వము గొలుసుకట్టు చెఱువులది. పైచెఱువు అలుగు పారిన క్రిందిచెఱువు నిండెడిది. చెఱువు గర్భములోని శిఖము భూములు ప్లాట్లైనచోట ఆ గొలుసు తెగినది. నాలాలకు ఎత్తైన గోడలు కట్టినంత మాత్రమున తీరునది కాదు. నీరు మఱింత వేగముగా దిగువ బస్తీలపై పడును.

2020 అక్టోబరున ఘట్‌కేసరు ప్రాంతమున ఒక్క దినముననే 30 సెంటీమీటర్లకు మించి కురిసినది. అట్టి వానను, డాబా నీటిని భూమిలోనికి ఇంకించుటకు ఇంటింట త్రవ్వు ఇంకుడుగుంత ఆపజాలదు, నిజమే. పైగా ఊరి యడుగున నీరు సులభముగా ఇంకనీయని నల్లఱాయి. కాని ఏటేటా మురుగును వాగులోనికి త్రోయునవి మామూలు వానలే, వానిని గుంతలు ఆపగలవు. ప్లాను మంజూరు కొఱకు గుంత త్రవ్వి, పిదప దానిపై కారు నిలుపుకొను గృహస్థులు మనలో తక్కువవారు కారు. అట్టివారు మృగశిరకార్తె ప్రవేశింపకమునుపే పూడిక తీయించి, డాబా గొట్టమును వీథివైపునుండి గుంతలోనికి త్రిప్పింతురు గాక!