యంత్రము ‘వ్రాసితిని’ అన్నప్పుడు

మన అడంగళ్లును పహాణీలును కంప్యూటరుల కెక్కిన కాలమిది. కావున వాని వ్రాత యెంత నమ్మదగినదో విన్నవించెదను.

హార్డుడిస్కులోని పలక నిమిషమునకు 7200 మారులు తిరుగునదైనను, తగిన చోటు వ్రాతముల్లు క్రిందికి వచ్చువరకు వేచియుండవలెను. ఆ యాలస్యము తోపకుండుటకై డిస్కు తనలోని క్యాషి యను తాత్కాలిక జ్ఞాపకమున మాటను నిలిపికొని, పలకపై వ్రాయకమునుపే ‘వ్రాసితిని’ అనును. ఇంతలో విద్యుత్తు పోయెనా, ఆ మాటయు పోవును.

అంతకంటె కీడు వరుస తప్పుట. డిస్కు తనకు సులువైన చోటును ముందు వ్రాయును. కరణముల లెక్క లెరిగిన మీకిది సుబోధము: ముందు చిఠ్ఠా, పిమ్మట ఆవర్జా. ఫైలు సిస్టమును జర్నలను చిఠ్ఠాలో వ్రాసి, ముగిసినట్లు గురుతు పెట్టి, ఆ తరువాతనే అసలు పట్టీని దిద్దును. గురుతు ముందుపడి వ్రాత వెనుకబడి, నడుమ దీప మారినచో, మరల లేచిన యంత్రము లేని చిఠ్ఠాను నమ్మి యున్న పట్టీని చెరుపును.

దీనికి మందు ఫ్లష్ అను ఆజ్ఞ: ‘క్యాషిలోనిదంతయు పలకపై దింపుము, ఆ పిమ్మటనే గురుతు.’ లినక్సునందు 2001లో చేరిన ఎక్స్‌ట్3 వేగము తగ్గునని యీ కట్టడిని చాలకాలము తనంతట విధింపలేదు. 2008లో స్థిరపడిన ఎక్స్‌ట్4 విధించినది. వేగమునకై లెక్కను పణమొడ్డుట నాకు రుచింపదు. బ్యాటరీ తోడుగల కంట్రోలరున్నచోట మాత్రము దానిలోని క్యాషి, విద్యుత్తు మరలువరకు, కొంతకాలము మాటను కాపాడును.