స్కూటర్ కన్నా ముందు సాకెట్ చూడండి

ఆఫర్ లెటర్ వచ్చిన రోజు రాత్రి మనలో చాలామంది చేసే పని ఒకటే. ఫోన్‌లో బండ్లు చూడటం. నేనూ చేశా. 2021లో ఇంజినీరింగ్ అయిపోగానే తొలి ఉద్యోగం గచ్చిబౌలిలో, హాస్టల్ కూకట్‌పల్లిలో. చేతికి వచ్చేది 18 వేలు. ‘లైసెన్స్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఒక్క చార్జింగ్‌కి 60 కిలోమీటర్లు’ అని షోరూమ్‌లో చెప్పిన మాట నమ్మి, లెడ్ యాసిడ్ బ్యాటరీల బండి 58 వేలకు కొన్నా. ఎనిమిది నెలలు తిరిగేసరికి అది 22 కిలోమీటర్లు దాటితే ఆగిపోయేది. నాకు రోజుకు పోనూ రానూ 28. ఆఫీసు పార్కింగ్‌లో ప్లగ్ లేదు. ఒక వానాకాలం సాయంత్రం హైటెక్ సిటీ దాటాక బండి చచ్చిపోతే, కూకట్‌పల్లి దాకా నెట్టుకుంటూ వచ్చా. హాస్టల్‌కి చేరాక ఓనర్ అంకుల్ అడిగిన మొదటి మాట: ‘తమ్మీ, దీనికి రోజూ కరెంటు ఎవరిస్తరు?’

ఆ ప్రశ్న బండి కొనకముందే నాకు నేను వేసుకోవాల్సింది. మీరైనా ముందే వేసుకోండి.

మీరు ఉండేది మూడో అంతస్తులోనో నాలుగో అంతస్తులోనో, బండి పెట్టేది కింద సెల్లార్‌లోనో రోడ్డు మీదో. అక్కడ త్రీ పిన్ సాకెట్ ఉందా? దానికి ఎర్తింగ్ ఉందా? రాత్రంతా వాడుకోనిస్తారా? వీటికి అవునని జవాబు వస్తే బ్యాటరీ బండిలోనే బిగించి ఉండే మోడల్ ఏదైనా చూసుకోవచ్చు. రాకపోతే, బ్యాటరీ బయటికి తీసి గదికి మోసుకెళ్లే వీలున్న మోడల్ ఒక్కటే దారి. పై అంతస్తు నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు వేలాడదీసి చార్జింగ్ పెట్టే అలవాటు మన హాస్టళ్లలో ఉంది. దయచేసి ఆ పని చేయకండి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఒక ఎలక్ట్రిక్ బైకుల షోరూమ్‌లో మంటలు లేచి, పొగ పైనున్న లాడ్జిలోకి కమ్మేసి 8 మంది చనిపోయారు. ఆ తర్వాతే ఏఐఎస్-156 అనే బ్యాటరీ భద్రతా నిబంధనల్లో కొత్త మార్పులు రెండు దశల్లో, 2022 డిసెంబరు, 2023 మార్చి నెలల్లో అమల్లోకి వచ్చాయి. అంతకుముందు తయారైన పాత బండి సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతోందంటే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. గదిలో బ్యాటరీ చార్జ్ చేసినా మంచం పక్కన, గుమ్మానికి అడ్డంగా మాత్రం పెట్టకండి.

ఓనర్‌తో మాట్లాడేటప్పుడు లెక్కతో వెళ్లండి. బ్యాటరీ సైజును కిలోవాట్ అవర్లలో చెబుతారు. ఒక కిలోవాట్ అవర్ అంటే కరెంటు బిల్లులో ఒక యూనిట్, అంతే. చార్జర్‌లో పోయే నష్టం కూడా కలుపుకుంటే సిటీలో ఒక మామూలు స్కూటర్‌కి కిలోమీటరుకు 35 వాట్ అవర్లు అనుకోండి. రోజుకు 30 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు అయితే 750 కిలోమీటర్లు, అంటే 26 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా 210 రూపాయలు. ‘అంకుల్, నెలకు 300 ఇస్తా’ అని మీరే ముందు చెప్పండి. నా రెండో హాస్టల్‌లో ఆ ఒక్క మాటతోనే పని అయిపోయింది.

ఇప్పుడు ‘లైసెన్స్ అక్కర్లేని’ బండి సంగతి. నిబంధన నిజమే. మోటార్ 250 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు మించకపోతే దాన్ని మోటారు వాహనంగా లెక్కించరు. కానీ ఇంజినీరింగ్ మెకానిక్స్ ఒకసారి గుర్తు చేసుకోండి. బండి, మీరు, వెనకాల ఫ్రెండ్ కలిపి 180 కిలోలు అనుకుందాం. వంద మీటర్లకు 4 మీటర్లు లేచే ఎత్తును 25 వేగంతో ఎక్కాలంటే పైకి మోయడానికే 490 వాట్లు కావాలి. గాలి, టైర్ల రాపిడి ఇంకా కలపలేదు. 250 వాట్ల మోటార్ కాసేపు ఓవర్‌లోడ్ తట్టుకున్నా, ఫ్లైఓవర్ మధ్యకొచ్చేసరికి వేగం సగానికి పడిపోతుంది. వెనక నుంచి బస్సు హారన్ కొడుతుంటే ఆ అనుభవం ఎలా ఉంటుందో నాకు తెలుసు. కాలనీ లోపల తిరగడానికి, మెట్రో స్టేషన్ దాకా వెళ్లడానికి అయితే సరే. మాదాపూర్, గచ్చిబౌలి రోజువారీ ప్రయాణానికి మాత్రం వద్దు. లెడ్ యాసిడ్ అయితే దేనికీ వద్దు.

రిజిస్ట్రేషన్ అయ్యే బండ్లలో లక్ష రూపాయల చుట్టుపక్కల ఇప్పుడు పేరున్న కంపెనీలవే దొరుకుతున్నాయి. టీవీఎస్ ఐక్యూబ్‌లో 2.2 యూనిట్ల చిన్న బ్యాటరీ మోడల్ ఉంది. హీరో విడా వీఎక్స్2 గో కూడా అదే సైజు, దాని బ్యాటరీ బయటికి వస్తుంది కాబట్టి పై అంతస్తుల వాళ్లకు పనికొస్తుంది. హోండా క్యూసీ1 బ్యాటరీ ఇంకా చిన్నది, 1.5 యూనిట్లు, టాప్ స్పీడ్ 50, బ్యాటరీ బండిలోనే ఫిక్స్. కొంచెం పెంచితే ఏథర్ రిజ్టా, బజాజ్ చేతక్ లాంటివి. ధరలు తరచూ మారుతుంటాయి, షోరూమ్‌లో ఆ రోజు ఆన్‌రోడ్ ఎంతో కాగితం మీద రాయించుకోండి.

బ్రోచర్‌లో కనిపించే రేంజ్ ల్యాబ్ పరీక్షలో వచ్చింది. విడా గోకి కంపెనీ చెప్పేది 92 కిలోమీటర్లు. నేనైతే ఎవరి బండికైనా అందులో 70 శాతమే లెక్క వేస్తా, అంటే 64. మూడు నాలుగేళ్లకు బ్యాటరీ అరిగి 50కి వస్తుందనుకోండి. మీ రోజువారీ దూరం 30 అయితే అప్పటికీ హాయిగా సరిపోతుంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి హైటెక్ సిటీకి రోజూ తిరిగేవాళ్లకు ఇది చాలదు, 3 యూనిట్లు దాటిన బ్యాటరీ కావాలి. లేదా మెట్రో ఎక్కి ప్రశాంతంగా కూర్చోవడం నయం. (కూర్చోవడానికి సీటు దొరికితే.)

డబ్బు దగ్గరే అందరూ తప్పటడుగు వేస్తారు. ‘పెట్రోల్ ఆదాతోనే ఈఎంఐ కట్టేయొచ్చు సార్’ అంటాడు సేల్స్ కుర్రాడు. చూద్దాం. లీటరు 107 రూపాయలు, మైలేజీ 45 అనుకుంటే 750 కిలోమీటర్లకు పెట్రోల్ ఖర్చు సుమారు 1,780. కరెంటు 210 తీసేస్తే నెలకు 1,570 మిగులు. మరి ఈఎంఐ? 90 వేల లోన్, మూడేళ్లు, ‘కేవలం 10 శాతం’ ఫ్లాట్ వడ్డీ అయితే నెలకు 3,250. మిగులుకు రెట్టింపు. పైగా ఫ్లాట్ 10 శాతం అంటే అసలు తగ్గే కొద్దీ లెక్కగట్టే వడ్డీలో దాదాపు 18 శాతం. ఏ షోరూమ్‌లోనైనా ‘ఫ్లాటా, రెడ్యూసింగా?’ అని ఒక్క ప్రశ్న అడగండి, ఎదుటివాళ్లు కాస్త సర్దుకుని కూర్చుంటారు. ఎలాగూ ఏదో ఒక స్కూటర్ కొనాల్సిందే అనుకున్నవాళ్లకు ఎలక్ట్రిక్ కచ్చితంగా లాభం. ఇప్పుడు బస్సులో వెళ్తూ ‘ఆదా’ కోసం కొనేవాళ్లకు మాత్రం కాదు.

బ్యాటరీని అద్దెకిచ్చే పద్ధతి కూడా ఉంది. 2025 జులైలో వీఎక్స్2 గో వచ్చినప్పుడు పూర్తి ధర 99,490, బ్యాటరీ లేకుండా 59,490, వాడిన కిలోమీటరుకు 96 పైసలు అన్నారు. మన 750 కిలోమీటర్లకు అద్దె 720 అవుతుంది. తక్కువగా కనిపించే ఆ ధర వెనక ఏళ్ల తరబడి కట్టాల్సిన మొత్తం ఉంది. నెలకు కనీసం ఎంత కట్టాలి, ఊరెళ్లి బండి తీయకపోయినా కట్టాలా అన్నది సంతకానికి ముందే చదవండి.

తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. బిల్లులో ఆ పేరుతో ఏదైనా వేస్తే అడగండి. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ సబ్సిడీ 2024 అక్టోబరులో యూనిట్‌కు 5,000తో మొదలై, తర్వాత 2,500కి తగ్గింది. ‘సబ్సిడీ తర్వాత మీ ఖాతాలో పడుతుంది’ అని ఎవరైనా చెబితే లేచి వచ్చేయండి. సబ్సిడీ అమల్లో ఉంటే అది కంపెనీకి వెళ్తుంది, బిల్లులోనే తగ్గాలి.

కొనేముందు రెండు పనులు చేయండి. ఒక శనివారం పొద్దున ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి అరగంట నిలబడండి. బండి ఇచ్చి ఎన్నాళ్లయిందో అక్కడున్న ఓనర్లను అడగండి. యూట్యూబ్ రివ్యూల్లో ఇది దొరకదు (నేను రాసే బ్లాగ్‌లో కూడా). రెండోది, టెస్ట్ రైడ్‌కు ఒక్కరే వెళ్లకండి. వెనక ఫ్రెండ్‌ను ఎక్కించుకుని మీ దారిలోని ఫ్లైఓవర్ ఎక్కండి.

ఇంకో మాట, ఉద్యోగం గురించి. చేరిన మొదటి రెండు నెలలు బండి కొనొద్దని నా సలహా. ట్రైనింగ్ ఒకచోట, పోస్టింగ్ ఇంకోచోట వేయడం మన కంపెనీలకు మామూలే. నా బ్యాచ్‌మేట్ ఒకడు మాదాపూర్ అనుకుని కొన్న మూడో వారానికే వాణ్ణి ఆదిభట్ల పంపారు. హాస్టల్ మారాడు, కొత్త హాస్టల్‌లో సాకెట్ లేదు. బండి ఇప్పుడు నల్గొండలో వాళ్ల నాన్న దగ్గరుంది. ఆయన రోజూ పొలానికి వెళ్లొస్తున్నారు, బాగానే ఉందట.